ఐదో పేజీ వెనక వేలిముద్ర

"ఈ అమ్మాయి చెప్పేదంతా అబద్ధం. సాక్షి ఎవరో కాదు, వాళ్ళన్నయ్యే."

మేంగ్ గిజున్ ఆరు కాగితాలు నా బల్ల మీద పడేశాడు. గోడ గడియారంలో తొమ్మిదీ ఇరవై.

ఆ సాయంత్రం ఆరు లోపల నేనొక కాగితం మీద సంతకం చెయ్యాలి. విమానం దిగి శరణు అడిగిన మనిషి సంగతి ఏడు రోజుల్లో తేల్చాలని మా రూలు. లెలిసె అనే ఇరవై నాలుగేళ్ళ ఇథియోపియా అమ్మాయికి ఇది ఏడో రోజు. 'పూర్తి విచారణకు పంపవచ్చు' అని రాస్తే ఆమె గాజు తలుపు దాటి మా దేశంలోకి వస్తుంది. 'అర్హత లేదు' అని రాస్తే రాత్రి విమానంలో వెనక్కి పోతుంది. వెనక్కి పోతే ఏమవుతుందో నిన్న మూడు గంటల పాటు చెప్పింది. విన్నాక నాకు అన్నం సయించలేదు.

నా పేరు ఓక్ జిన్హీ. పదకొండేళ్ళుగా శరణు దరఖాస్తులు తేల్చడమే నా ఉద్యోగం. మేంగ్, నేనూ ఒకే బ్యాచ్‌లో చేరాం. అతను మెట్లెక్కి నాకే అధికారి అయ్యాడు, నేను మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. నలుగురిలో 'మేంగ్ గారూ' అంటాను. ఇద్దరమే ఉంటే 'నువ్వు' అంటాను. అప్పుడు ఇద్దరమే ఉన్నాం.

"ఏంటివి?"

"వాళ్ళన్నయ్య గెమెచు వాంగ్మూలం, స్కాన్ కాపీ. మూడేళ్ళ క్రితం అతనూ ఇక్కడికొచ్చి శరణు అడిగాడు. ఐదో పేజీ చదువు. పైకి చదువు, నాకూ వినాలనుంది."

చదివాను.

"ప్రశ్న, మీ దేశంలో మీకు ప్రాణభయం ఉందా? జవాబు, లేదు. పని చేసి సంపాదించుకుందామని వచ్చాను. జైలు సంగతి చెబితే ఉండనిస్తారని చెప్పాను."

"అయిపోయిందిగా! అన్నయ్యకి లేని భయం చెల్లెలికి ఎక్కడి నుంచి ఊడిపడింది? ఆమె కథంతా 'మా అన్నయ్యని పట్టుకెళ్ళారు, చంపారు, ఇప్పుడు నా వెనక పడ్డారు' అనేగా. పునాదే లేనప్పుడు గోడలెక్కడ నిలుస్తాయి?" అంటూ చివరి పేజీ తిప్పి కింది పేరు మీద వేలు పెట్టాడు. "విచారించిన ఆఫీసర్ ఎవరో చూశావా?"

అక్కడ నా పేరుంది. నా సంతకం ఉంది.

ఎంత తడుముకున్నా ఆ మనిషి ముఖం గుర్తు రాలేదు. పొడుగో పొట్టో, కూర్చున్నాడో నిలబడ్డాడో, ఏమీ లేదు. ఆ ఏడాది రెండు వందల పైచిలుకు మందిని విచారించాను. నేను వెనక్కి పంపిన మనిషి చచ్చిపోయాడని అతని చెల్లెలు ఏడుస్తుంటే, నా దగ్గర అతని ముఖం కూడా లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఆరింటికి సంతకం పెట్టిన కాగితం నా బల్ల మీద ఉండాలి," అని మేంగ్ వెళ్ళిపోయాడు.

తొమ్మిదీ యాభైకి లెలిసెని విచారణ గదికి పిలిపించాను. పక్కన దుబాసీ తాక్ గారు. అరవై దాటిన మనిషి. ఇథియోపియాలో పంతొమ్మిదేళ్ళు సవరాల ఫ్యాక్టరీ నడిపి వచ్చాడు, అమ్హారిక్ ఆ దేశపువాళ్ళలాగే మాట్లాడతాడు. గెమెచు విచారణకు కూడా ఆయనే దుబాసీ. ఆ సంగతి కాగితం చెప్పింది కాబట్టి తెలిసింది, నాకు గుర్తుండి కాదు.

ఐదో పేజీలోని జవాబు ఆమెకు చదివి వినిపించమన్నాను. తాక్ గారు చదివారు. లెలిసె ముందు నన్ను చూసింది, తర్వాత ఆయన్ని చూసింది.

"మా అన్నయ్య ఇలా అనడు."

"మనుషులు భయంలో ఏదైనా అంటారమ్మా," అన్నాను.

"భయంలో అంటారు. మా అన్నయ్యకి ఆ రోజు భయం లేదు. విచారణ అయ్యాక నాకు ఫోన్ చేశాడు. అంతా చెప్పేశానన్నాడు. రెండేళ్ళ తర్వాత మొదటిసారి హాయిగా నిద్రపోతానన్నాడు."

"ఇంకేం చెప్పాడు?"

"కాగితాల మీద వేలిముద్రలు వేయించుకున్నారని చెప్పాడు. అన్నయ్య కుడి బొటనవేలికి గీతలు లేవు. జైల్లో వాళ్ళు రొట్టెలు కాల్చే పెనం మీద ఆ వేలు పెట్టి నొక్కారు. మానాక చర్మం నున్నగా గాజుపూసలా అయిపోయింది. ముద్ర సరిగ్గా పడట్లేదని ఆఫీసరమ్మ తన చేత్తో వేలు పట్టుకుని నొక్కిందట. పేజీకోసారి 'నొప్పిగా ఉందా' అని అడిగిందట. ఆమె బొటనవేలికి కూడా ఏదో పాత గాటుందట. 'మంచి మనిషి, లెలిసె, పని చేసుకుని బతికిన చెయ్యి' అన్నాడు."

నా కుడిచెయ్యి బల్ల మీద ఉంది. మెల్లగా వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాను. మా అమ్మ తొంగ్‌యోంగ్ రేవులో ముత్యపుచిప్పలు ఒలిచే పని చేసేది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆమె పక్కన కూర్చుని ఒలుస్తుంటే కత్తి జారి బొటనవేలి మీద ఏటవాలుగా దిగింది. ఆ గాటు ఇప్పటికీ ఉంది.

తాక్ గారు నా చేతిని చూశారు. నేను లెలిసెకి చెప్పలేదు. ధైర్యం చాలలేదు.

పదకొండూ పదికి క్యాంటీన్‌లో తాక్ గారిని పట్టుకున్నాను. కాగితపు కప్పులో మిక్స్ కాఫీ కలుపుతూ, ఆ పొడి ఖాళీ పొట్లాన్నే చెంచాగా తిప్పుతున్నారు.

"మూడేళ్ళ క్రితం గెమెచుకి వాంగ్మూలం చదివి వినిపించింది మీరేగా?"

"చదివిన మాట నిజమే. అన్నీ చదవకుండా వేలిముద్ర వేయించం కదమ్మా."

"ఐదో పేజీలో ఆ జవాబు చదివారా?"

పొట్లం ఆగింది. "అమ్మా, నేను రోజు కూలివాణ్ణి. మీ ఆఫీసు పిలిస్తే వస్తాను, వద్దంటే ఇంట్లో కూర్చుంటాను. వచ్చే నెల దుబాసీల జాబితా మళ్ళీ రాస్తారు. రాసేది మేంగ్ గారు."

"రాత్రి విమానానికి ఆ పిల్లని పంపేది నేను. ఎవరికి ఎక్కువ నష్టమో మీరే చెప్పండి."

ఆయన కప్పు బల్ల మీద పెట్టేశారు. తాగలేదు.

"చదవలేదు," అన్నారు. "ఆ మాట నా నోటి మీదుగా పోలేదు. పోయుంటే నాకు గుర్తుండేది. రెండు గంటల పాటు జైలు గురించి చెప్పిన మనిషి చివర్లో 'అదంతా ఉత్తదే' అంటే నేను కుర్చీలోంచి పడేవాణ్ణి."

"మరి మూడేళ్ళుగా ఎందుకు నోరు విప్పలేదు?"

"నాకెలా తెలుస్తుంది? దుబాసీకి కాగితం మళ్ళీ చూపిస్తారా మీరు? నేను చదివింది నాకు తెలుసు. ఫైల్లో ఉన్నది మీకు తెలుసు. ఈ రెండూ ఎప్పుడైనా కలుసుకున్నాయా?"

స్కాన్ కాపీ మీద తారీఖు చూశాను.

"ఆ రోజు ఎన్నింటికి వెళ్ళారు?"

"విచారణ మూడూ యాభైకి అయిపోయింది. గెమెచు, నేనూ కలిసే మెట్లు దిగాం. బస్టాపు దాకా నాతో నడిచాడు. చెయ్యి జేబులోంచి తీసి చూపించాడు, బొటనవేలు ఎర్రగా ఉంది. ఇంకు పోవట్లేదని నవ్వాడు." తాక్ గారు కప్పు పక్కకి నెట్టేశారు. "నాకతని ముఖం బాగా గుర్తమ్మా."

స్కాన్ కాపీతో పని జరగదు. నగరంలోని మా పాత ఆఫీసు రికార్డు గదికి ఫోన్ చేశాను. అక్కడ గుక్ అక్క ఉంటుంది. వచ్చే ఏడు రిటైరవుతుంది, ఏ ఫైలు ఏ వరసలో ఉందో కళ్ళు మూసుకుని చెబుతుంది.

"అక్కా, గెమెచు ఫైలు అసలుది కావాలి. ఇప్పుడే."

"ఇప్పుడే అంటే ఎలా పిల్లా, అదేమన్నా నూడిల్సా పార్సిల్ కట్టి పంపడానికి?" అంది. అయినా పంపింది. ఒంటిగంటా నలభైకి మోటార్‌సైకిల్ మనిషి హెల్మెట్ తియ్యకుండానే కవరు ఇచ్చి సంతకం తీసుకుని పోయాడు.

విచారణ గది తలుపు లోపల గడియ పెట్టుకున్నాను. ఫైలు విప్పాను.

మా పద్ధతి ఒకటి చెప్పాలి. వాంగ్మూలం పేజీలు ఎవరూ మార్చకుండా, పై పేజీని సగానికి వెనక్కి మడిచి కింది పేజీ మీద ఆనిస్తాం. ఆ అంచు మీద దరఖాస్తుదారు బొటనవేలు నొక్కిస్తాం. సగం ముద్ర పై పేజీ వెనక పడుతుంది, సగం కింది పేజీ ముందు పడుతుంది. రెండూ కలిస్తేనే వేలు పూర్తవుతుంది. పేజీ మారిస్తే ఆ వేలు అతకదు. స్కానర్ పేజీల ముందు వైపే చూస్తుంది, వెనక వైపు చూడదు. అదీ నలుపూ తెలుపులో.

మొదటి పేజీ మడిచి రెండో దానికి ఆనించాను. ఎర్రటి మచ్చ అతికింది. గీతలు లేవు, నున్నటి మచ్చ. రెండు, మూడు కూడా అంతే. మూడు, నాలుగు కూడా అంతే. ఇంకు ఎక్కువై అలికిపోయిందని ఎవరైనా అనుకుంటారు. నేనూ ఆ రోజు అలాగే అనుకుని ఉంటాను. అది అలికిన ఇంకు కాదు. పెనం మీద కాలిన వేలు.

నాలుగు, ఐదు దగ్గర నా చెయ్యి ఆగింది.

నాలుగో పేజీ వెనక రెండు ముద్రలున్నాయి, ఒకదాని మీద ఒకటి. కింద నున్నటి మచ్చ, దాని మీద గీతలున్న వేలు. ఐదో పేజీ ముందు వైపు గీతలున్న సగం ఒక్కటే ఉంది. ఐదో పేజీ వెనక కూడా గీతలే. ఆరో పేజీ మీద మళ్ళీ రెండు.

భూతద్దం పెట్టి చూశాను. గీతలు స్పష్టంగా ఉన్నాయి, ఒక పక్కకి వంగి తిరిగి వెళ్తున్నాయి. మధ్యలో ఏటవాలుగా సన్నటి తెల్లగీత. కాగితం మడత అయి ఉంటుందనుకున్నాను.

తర్వాత అడుగున చూశాను. మా యంత్రం ప్రతి పేజీ అడుగునా అచ్చయిన సమయం చీమతలకాయంత అక్షరాల్లో వేస్తుంది. స్కాన్‌లో ఆ అంచు తెగిపోయింది. మిగతా ఐదు పేజీల మీద 15:11 ఉంది. ఐదో పేజీ మీద 17:52.

గెమెచు మెట్లు దిగిన రెండు గంటల తర్వాత ఎవరో కొత్త ఐదో పేజీ అచ్చు తీశారు. తీసి, ఖాళీగా ఉన్న మడత దగ్గర తమ వేలు నొక్కారు.

అది బుధవారం. బుధవారం అందరూ వేళకి ఇంటికి పోవాలని పైవాళ్ళు ఆర్డరేసిన రోజు. ఐదున్నరకే ఆఫీసు ఖాళీ అవుతుంది. ఖాళీ కానిది మేంగ్ కుర్చీ ఒక్కటే. నేనైతే ఆ రోజు నాలుగింటికే సెలవు పెట్టి వెళ్ళాను. అమ్మ మొదటి తద్దినం అది, ఎలా మరిచిపోతాను?

ఒళ్ళు ఝల్లుమంది. భయంతో కాదు, సంతోషంతో. పట్టుకున్నాననుకున్నాను.

రెండున్నరకి గుక్ అక్కకి మళ్ళీ ఫోన్ చేశాను. "అక్కా, మూడేళ్ళ క్రితం మేంగ్ చేతికింద నడిచిన ఫైళ్ళన్నీ ఒక వరసలోనే ఉన్నాయిగా. పేజీల అడుగున అచ్చు సమయం చూడు. ఒక్క పేజీకే తేడా ఉన్న ఫైళ్ళు పక్కన పెట్టు."

"వందల ఫైళ్ళే తల్లీ!"

"కళ్ళద్దాలు మార్చుకుని మొదలుపెట్టక్కా. నీ పుణ్యం ఉంటుంది."

మూడుంబావుకి మేంగ్ గదిలోకి వెళ్ళి తలుపు మూశాను. ఫైలు అతని ముందు విప్పాను. మడతలు చూపించాను, అడుగున సమయం చూపించాను. అతను చేతులు కట్టుకుని విన్నాడు.

"ఐదో పేజీ దొంగది," అన్నాను. "ఆ ఒక్క వాక్యం ఉంటే ఫైలు తొందర బుట్టలో పడుతుంది. వారంలో తిరస్కరించి లెక్క చూపించొచ్చు. ఆ ఏడాది ఎక్కువ ఫైళ్ళు మూసిన బృందం మనది. నీకు ప్రమోషన్ వచ్చింది."

"నీకు ప్రశంసాపత్రం వచ్చింది. గోడకి తగిలించుకున్నావు కూడా."

"మాట మార్చకు. ఆ వేలు ఎవరిది?"

"నాదే అంటావు."

"ఆ సాయంత్రం ఉన్నది నువ్వే."

మేంగ్ నవ్వాడు. "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటానని చూస్తున్నావు. నాకా అలవాటు లేదు." సొరుగులోంచి ఎర్ర ఇంకు ప్యాడ్ తీసి, కుడి బొటనవేలు అద్ది, తెల్లకాగితం మీద నొక్కి నా వైపు తోశాడు. "చూసుకో. ఎడమది కూడా కావాలా?"

భూతద్దం పెట్టాను. అతని వేలి నడుమ గుండ్రటి సుడి ఉంది. ఐదో పేజీలో సుడి లేదు. ఎడమ వేలు కూడా వేయించాను. అదీ సుడే.

"ఇక మిగిలింది ఎవరు, జిన్హీ?"

"నాకేం తెలుసు? నేను నాలుగింటికే..."

"నాలుగింటికి వెళ్తానని అడిగావు. నేను వెళ్ళనివ్వలేదు. నెలాఖరు, ఈ ఒక్క ఫైలు మూసేసి కదులు అన్నాను." కంప్యూటర్ తెర నా వైపు తిప్పాడు. అప్పటి హాజరు పట్టీ. ముందే తీసి పెట్టుకున్నాడు. నా పేరు ఎదురుగా, బయటకి వెళ్ళిన సమయం 17:58.

మనసు ఎంత టక్కరిదో అప్పుడు తెలిసింది. మూడేళ్ళుగా నేను నాలుగింటికే వెళ్ళాననుకుంటున్నాను.

ఇప్పుడు గుర్తొచ్చింది, ఆ సాయంత్రం కోటు వేసుకుని ఉన్నాను. తద్దినానికి కొన్న పియర్ పళ్ళూ ఎండుచేపా ఉన్న సంచీ భుజానికి తగిలించుకున్నాను. ఆరున్నర బస్సు. మేంగ్ తలుపు దగ్గర కాగితం పట్టుకుని నిలబడ్డాడు. 'ఓ అచ్చు తప్పుంటే సరిచేశాను. మనిషి వెళ్ళిపోయాడు, మడతల దగ్గర నువ్వే నొక్కెయ్,' అన్నాడు. చదవలేదు. చదివే తీరిక లేదు. పైనుంచి తనిఖీకి వచ్చేవాళ్ళు మడత దగ్గర ముద్ర ఉందా లేదా అనే చూస్తారు, ఎవరి ముద్ర అని ఏనాడూ చూడలేదు. ఇంకు ఆనకపోతే, అంచు తప్పితే, మనిషి వెళ్ళిపోతే మా వేలే నొక్కేసేవాళ్ళం. అందరం చేసేదే. నిలబడే రెండుసార్లు నొక్కాను, పరిగెత్తాను.

ఆ రాత్రి ఇంటికి చేరాక పిన్ని నా చెయ్యి చూసి కేకలేసింది. 'తద్దినం పూట ఎర్రచేత్తో మొక్కుతావా? ఎర్రరంగు కనిపిస్తే పోయినవాళ్ళు గుమ్మంలోనే ఆగిపోతారే!' నువ్వుల నూనెతో రుద్ది రుద్ది కడిగించింది. ఆ మాట ఏటా చెప్పి నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. ఆ ఎరుపు ఎక్కడిదో ఒక్క ఏడు కూడా ఆలోచించలేదు.

ఫైలులోని తెల్లగీత కాగితం మడత కాదు. ముత్యపుచిప్పల కత్తి.

"కూర్చో," అన్నాడు మేంగ్. "మంచినీళ్ళు కావాలా?"

"ఆ వాక్యం రాసింది నువ్వు."

"నా మీద సాక్ష్యం? ఆ పేజీ నీ లాగిన్‌తో అచ్చయింది. పాస్‌వర్డు పసుపు చీటీ మీద రాసి తెరకి అంటించుకునేదానివి. వేలు నీది, సంతకం నీది, లాగిన్ నీది. దొంగ కాగితం తయారు చేసిన నేరానికి జైలుంటుంది, పెన్షన్ పోతుంది. పేజీ దొంగదని నువ్వు రాస్తే మొదట పోయేది ఆ వేలున్న మనిషి. చెయ్యి కాలేది నీకు, నాకు కాదు."

"అతను చచ్చిపోయాడు, గిజున్. వెనక్కి దిగిన పదకొండో రోజు శవం ఇచ్చారు."

"అలా అని చెల్లెలు చెప్పింది. కాగితంలో లేదు." కోటు తీసుకుని లేచాడు. నా వంక చూడలేదు. "నేను మాత్రం చస్తాడనుకున్నానా? నెలాఖరు అది. ఆరు లోపల సంతకం పెట్టు. బయట పనుంది నాకు."

అప్పుడు మూడూ యాభై.

ఐదింటి దాకా నా కుర్చీలో కూర్చున్నాను. చేతులు రెండూ బల్ల మీద పెట్టుకుని చూస్తూ ఉన్నాను. నేనే సంతకం పెట్టి పంపానని ఉదయం నుంచీ తెలుసు. ఉదయం దాకా అది పొరపాటు. ఇప్పుడది నా చెయ్యి. తలుపులన్నీ మూసి దొంగ కోసం ఇల్లంతా వెతికి, చివరికి అద్దం ముందు ఆగినట్టుంది నా పని.

'అర్హత లేదు' అని సంతకం పెట్టేస్తే ఎవరికీ తెలియదు. ఆ మాట నిజంగానే అనుకున్నాను, దాచను. దాదాపు పది నిమిషాలు అనుకున్నాను. ఆ పది నిమిషాల్లో నాకు వినిపించింది ఒకటే చప్పుడు. ఇంకు తడి మీద నుంచి వేలు లేస్తుంటే వచ్చే సన్నటి చప్పుడు. గెమెచు ముఖం ఇప్పటికీ గుర్తు రాలేదు. ఆ చప్పుడు మాత్రం వచ్చింది.

ఐదూ పదికి లెలిసెని పిలిపించాను. తాక్ గారు కూర్చున్నారు.

"మీ అన్నయ్య ఫైల్లో ఐదో పేజీ మార్చారు. ఆ జవాబు అతనిది కాదు. మిమ్మల్ని పూర్తి విచారణకు పంపుతున్నాను. ఇవాళ విమానం ఎక్కక్కర్లేదు."

తాక్ గారు అనువదించారు. ఆమె కళ్ళు మూసుకుని తెరిచింది.

"ఎవరు మార్చారు?"

"రాసింది వేరేవాళ్ళు. మార్చిన పేజీ మీద వేలిముద్ర నాది."

తాక్ గారు నా వైపు తిరిగారు. "అమ్మా, ఇది చెప్పమంటారా?" అన్నారు మెల్లగా. "చెప్పకపోయినా ఆమె పని అయిపోయింది కదా."

"చెప్పండి. నేనన్నది అన్నట్టు చెప్పండి."

చెప్పారు. నేను కుడిచెయ్యి బల్ల మీద పెట్టాను, అరచెయ్యి పైకి. లెలిసె ఆ గాటు చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"నొప్పిగా ఉందా అని అడిగింది మీరేనా?" అంది.

"నాకు గుర్తు లేదమ్మా."

"అన్నయ్యకి గుర్తుంది. చివరి దాకా మీ గురించి మంచిగానే చెప్పాడు." ఆమె నా చెయ్యి మీంచి కళ్ళు తిప్పుకుంది. "ఆ మాట వాడి దగ్గర ఎలా వెనక్కి తీసుకోను?"

తాక్ గారు అది మా భాషలో చెప్పేలోపే నాకు అర్థమైపోయింది.

ఆమె వాంగ్మూలం తొమ్మిది పేజీలు. తాక్ గారు మొదటి నుంచీ చదివారు. వేలిముద్రల దగ్గరికి వచ్చేసరికి ఆమె నా చేతిలోంచి కాగితాలు తీసుకుంది. ప్రతి పేజీ వెనక్కి తిప్పి చూసింది. అడుగున అచ్చు సమయం ఉంటుందని చెబితే ఎక్కడుందో చూపించమంది, తొమ్మిదిసార్లు చూసింది. తనే మడిచింది, తనే నొక్కింది. నన్ను ముట్టుకోనివ్వలేదు. అదే సరైన పద్ధతి.

నేను నా తీర్పు కాగితం రాశాను. గెమెచు ఐదో పేజీ చెల్లదని, ఎందుకు చెల్లదో రాశాను. 'వేలిముద్ర ఎవరిది' అన్నచోట నా పేరు రాసి, పోల్చుకోవడానికి పక్కనే నా బొటనవేలు నొక్కాను. స్కాన్ తీసి పైఅధికారుల తనిఖీ విభాగానికి కంప్యూటర్‌లోనే పంపేశాను. ఐదూ నలభై నాలుగు. ఇక వెనక్కి తీసుకోవడానికి లేదు.

చేతులు తుడుచుకుంటుండగా ఫోన్ మోగింది. గుక్ అక్క.

"ఏమే, నువ్వు చెప్పిన తేడా పేజీలు..." ఆమె గొంతు రోజూలా లేదు. "నా కళ్ళు పోయాయనుకుని రెండుసార్లు చూశాను. ముప్పై ఒక్క ఫైళ్ళు. అన్నిట్లోనూ ఒక్కో పేజీ సాయంత్రం ఐదున్నర తర్వాత అచ్చయింది. తారీఖులు చూస్తే అన్నీ బుధవారాలే."

తద్దినం ఒక్క బుధవారమే వచ్చింది. ఈ ముప్పై ఒకటీ ఎక్కడివి?

"మడతల దగ్గర వేళ్ళు చూశావా, అక్కా?"

"చూశాను. అన్నీ ఒకే వేలులా ఉన్నాయి. మధ్యలో తెల్లగా గీతుంది, కోసుకున్నట్టు." గొంతు తగ్గించింది. "జిన్హీ, ఇంకోటి. మేంగ్ సారు వచ్చాడు. ఇప్పుడే, బయట కౌంటర్ దగ్గరున్నాడు. ఆ వరస మొత్తం తనిఖీకి తీసుకెళ్తానంటున్నాడు. చేతిలో ఆర్డరుంది, ఫైళ్ళు కావాలని అడిగినవాళ్ళలో నీ పేరు కూడా వేసుకొచ్చాడు. ఇచ్చెయ్యమంటావా?"

'ఇచ్చెయ్' అంటే చాలు. ఒక్క ఫైలుతో నా నేరం ఆగిపోతుంది. ఒక్క ఫైలంటే తొందరలో చేసిన తప్పు, ఏదో మాట చెప్పి బయటపడొచ్చు. ముప్పై రెండంటే బయటపడేది లేదు. గాజు తలుపు అవతల లెలిసె సంచీ భుజాన వేసుకుని, ఎర్రటి బొటనవేలు మిగతా వేళ్ళకి తగలకుండా ఎత్తి పట్టుకుని నడుస్తోంది. ఆ ముప్పై ఒక్క మందికి చెల్లెళ్ళున్నారో లేదో నాకు తెలియదు. ఒక్కరి ముఖం కూడా గుర్తు లేదు.

"అక్కా, లోపల్నుంచి గడియ పెట్టుకో. తనిఖీ విభాగం వాళ్ళు వచ్చేదాకా ఎవరికీ తియ్యకు. ఎవరొచ్చి అడిగినా ఒక్క ఫైలు ఇవ్వకు."

"సరే. నువ్వొస్తున్నావుగా? నీకు తీస్తాను."

"వస్తున్నాను," అన్నాను. "నాకు కూడా ఇవ్వకు."